ఇవాళ ధీమా ఎంత?

పెళ్లిళ్లకు వంటలు చేయించేవాడికి దేశ ఆర్థిక వ్యవస్థతో పనేమిటని మీరనుకోవచ్చు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. వంకాయల ధర, నూనె ధర తప్ప మరే ధర గురించీ నిద్ర చెడగొట్టుకోని మనిషిని. అయితే దేశంలోని షేర్ల మార్కెట్టును కొన్నాళ్లపాటు నిలబెట్టి కూర్చోబెట్టిన యంత్రం మా ఆవిడ చేతిలో పుట్టింది. అందుకని ఆ గొడవంతా మా భోజనాల బల్ల దగ్గరే నడిచింది.

మా ఆవిడ పేరు వసుమతి. విశాఖపట్నంలో ఒక పరిశోధన సంస్థలో గొంతు మీద, మాట మీద పనిచేసే శాస్త్రవేత్త. మొదట్లో నత్తి ఉన్న పిల్లల కోసం ఊపిరిని కొలిచేది. ఆ కొలతల్లో ఆమెకొక వింత దొరికింది. నత్తి లేనివాళ్లకు కూడా, రేపటి గురించి చెప్పేటప్పుడు ఆ రేపటి మీద నమ్మకం లేకపోతే, మాట మధ్యలో ఊపిరి చిటికెడు ఆగుతుంది. చెవికి తెలియదు. చెప్పేవాడికీ తెలియదు. యంత్రానికి తెలుస్తుంది.

మొదటి పరీక్ష నా మీదే చేసింది. "ఈ ఏడాది నీకు గాజులు చేయిస్తాను" అన్నాను, ఛాతీ విరుచుకుని. యంత్రంలోకి చూసి నవ్వి ఊరుకుంది. ఆ ఏడాది గాజులు చేయించలేదు.

తర్వాత్తర్వాత ఆ యంత్రాన్ని చిన్న పెట్టెగా కుదించి, ఒప్పుకున్నవాళ్ల ఇళ్లలో గోడకు బిగించారు. మొదటి పెట్టె మా ఇంట్లోనే, భోజనాల బల్ల పక్కన. మాటలు ఆ ఇంటి గడప దాటవు. ఇంటివాళ్లు కావాలంటే తమ మాటలు తాము వినవచ్చు. ఊపిరి లెక్క మాత్రమే సంస్థకు వెళుతుంది. అన్ని ఇళ్ల లెక్కా కలిపి రోజూ సాయంత్రం ఆరింటికి ఒక అంకె ప్రకటించేవారు. సున్నా నుంచి నూరు దాకా. దాని పేరు ధీమా.

పెట్టెలు దేశమంతటా పెట్టాలనుకున్నారు గానీ, ఇచ్చిన డబ్బు మన తెలుగు జిల్లాల్లో బిగించేసరికే అయిపోయింది. "అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి గుండిగంతా కలియబెట్టాలా? ఒక్క మెతుకు పట్టుకుంటే చాలదూ!" అన్నారు సంస్థ డైరెక్టర్ కామేశం గారు, మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు. పెద్ద గుండిగలో అడుగున మాడి, పైన పలుకుగా ఉన్న అన్నం నేను బోలెడంత చూశాను. అయినా అతిథి మాట కదా, తలూపి పప్పు వడ్డించాను.

ఆ మెతుకు బాగానే పనిచేసింది కూడా. ఒకసారి ఢిల్లీలో ఆర్థిక మంత్రిని మార్చారు. పత్రికలన్నీ కొంప మునిగిందని రాశాయి. ధీమా మాత్రం చెక్కు చెదరలేదు. వారం తిరక్కుండా మార్కెట్టు పడ్డచోటి నుంచే లేచింది. అప్పటినుంచి ముంబయిలో షేర్లు కొనేవాళ్లు, అమ్మేవాళ్లు సాయంత్రం ఆరు కోసం కాచుకుని కూర్చోవడం మొదలైంది. కూరగాయల బజారులో కూడా "ఇవాళ ధీమా ఎంత?" అని అడిగేవాళ్లు. బ్యాంకులైతే ఏకంగా రూలే పెట్టుకున్నాయి. ధీమా నలభై కింద ఉన్నన్నాళ్లు చిన్న మిల్లులకు కొత్తగా పెట్టుబడి ఇవ్వకూడదని.

ఆ రూలు మా తమ్ముడు భానోజీ మెడకు చుట్టుకుంది.

భానోజీకి విజయనగరం అవతల గోనె సంచుల మిల్లు ఉంది. పెద్దదేం కాదు. అయినా చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో పొయ్యి వెలిగేది ఆ మిల్లు మీదే. రైతుల దగ్గర నార దిగే రోజుల్లో ఏడాదికి సరిపడా కొని పెట్టుకోవాలి. ఆ నెలా రెండు నెలలు దాటితే నార దొరకదు. కొనడానికి బ్యాంకు డబ్బివ్వాలి. ఇన్నేళ్లూ ఇస్తూనే వచ్చింది.

ఆ ఏడు నార దిగడానికి ముందు ప్రధానమంత్రి ఆరోగ్యం బాగోక రాజీనామా చేశారు. ఆయన స్థానంలో వచ్చినాయన అంతకుముందు ఓడరేవుల మంత్రి. పెద్దగా మాట్లాడని మనిషి. "కుర్చీలో మనిషి మారితే మార్కెట్టు రెండు రోజులు తల తిప్పి చూస్తుంది. తర్వాత తన పని తాను చూసుకుంటుంది" అంది వసుమతి. నేను సరేనని పేపరు మడిచేశాను.

మార్కెట్టు తన పని చూసుకోలేదు. ఎందుకంటే ధీమా పడింది. అరవై పైన ఉన్నది యాభైకి వచ్చింది, అక్కణ్ణుంచి రోజుకింత జారింది. కొత్తాయన ఇంకా ఏమీ చేయలేదు. చేయని మనిషిని చూసి జనం ఎందుకు జడుసుకుంటున్నారో ఎవరికీ అర్థం కాలేదు గానీ, యంత్రం అబద్ధం చెప్పదు కదా! టీవీల్లో పెద్దమనుషులు కూర్చుని ఆయన నడకలో, ఆయన కళ్లజోడులో కూడా కారణాలు వెతికారు. షేర్లు పడ్డాయి. రూపాయి విలువ తగ్గింది. కొత్త ఫ్యాక్టరీలు పెడతామన్న కంపెనీలు చూద్దాం లెమ్మన్నాయి. కొత్తాయనకు కంగారు పుట్టి, పనిమంతుడని పేరున్న ఆర్థిక మంత్రిని తీసేశారు. మొదలుపెట్టిన రైలు పనులు సగంలో ఆపించారు. దాంతో షేర్లు మళ్లీ పడ్డాయి.

ఆ రోజుల్లో నేను ఇంట్లోనే ఉన్నాను. శుక్ర మూఢం మరి. శుక్రుడు సూర్యుడి వెలుగులో కలిసిపోయి కంటికి కనబడడు. మళ్లీ కనబడేదాకా మన వైపు పెళ్లి లేదు, గృహప్రవేశం లేదు, కొత్త దుకాణం తెరిచేవాడు లేడు, చివరికి కొత్త స్కూటరు కొనేవాడూ లేడు. మా గుండిగలన్నీ గోడౌనులో బోర్లించి, వంటవాళ్లను ఊళ్లకు పంపేసి, నేను మధ్యాహ్నం నిద్రలు తీస్తున్నాను. పని లేక పడుకున్నవాడికి, తానెందుకు పడుకున్నాడో ఆలోచించే ఓపిక ఎక్కడుంటుంది? నాకేమీ తట్టలేదు.

ఒక ఆదివారం పొద్దున్న భానోజీ వచ్చాడు. చెప్పులు విప్పుతూనే వదిన కోసం చూశాడు. కాఫీ ఇస్తే పట్టుకున్నాడే గానీ తాగలేదు.

"వదినా, నువ్వు చెప్పు. నిజంగానే జనం బయపడతన్నారా?"

"యంత్రం అదే చెబుతోంది భానోజీ" అంది వసుమతి. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో అలసట కనిపించింది. నెల రోజులుగా ఆమెకు సరిగా తిండి లేదు.

"మా కాడ ఎవుడూ బయపడ్డం లేదే! సంచులకి ఆర్డర్లున్నాయి. రైతులు నార కట్టలు గట్టి కూకున్నారు. బ్యాంకు మేనేజరు నా ముకం కూడా చూడ్డు. ధీమా నలబై దాటనీ, అప్పుడు రా అంటాడు. ఈలోగా నార అయిపోతే ఏడాదంతా ఆ మిల్లులో ఏటి ఆడించమంటావు? గాలి ఆడించనా?"

"ఇంకో పది రోజులు ఓపిక పట్టరా" అన్నాను నేను.

"నాను పడతానన్నయ్యా. నార పట్టదు" అన్నాడు వాడు.

అప్పుడే వసుమతి ఫోను మోగింది. మధురవాడలో మేము కొనుక్కున్న ఫ్లాటు కట్టినాయన. ఇల్లు తయారై చాలా రోజులైందని, తాళాలు తన దగ్గరే ఉన్నాయని, ఎప్పుడు చేరతారని అడుగుతున్నాడు. మూఢం చూడమని బలవంతం చేసే పెద్దవాళ్లెవరూ మాకు లేరు. అద్దె ఇంటికీ, సొంత ఇంటికీ రెండు చోట్లా డబ్బు కడుతూ, ఎవరికి వారం ఇంకొకరి కోసమన్నట్టు ఆగిపోయాం.

"తర్వాత చూద్దాం లెండి" అంది వసుమతి ఫోనులో. "మూఢం పోనివ్వండి."

అని ఫోను పెట్టబోయి, చెయ్యి అలాగే గాలిలో ఉంచేసింది. ఆమె చూపు గోడ మీది పెట్టె మీద పడింది. పెట్టెలో పచ్చదీపం తాపీగా వెలిగి ఆరింది. ఒక ఊపిరి లెక్కపెట్టుకుందన్నమాట.

ఆమె లేచి వెళ్లి మా ఇంటి పెట్టెలోని పాత మాటలు వినడం మొదలుపెట్టింది. ఒక్కొక్కటే మా గొంతులు బయటికొచ్చాయి. "సోఫా ఇప్పుడెందుకండీ, మూఢం వెళ్లాక కొందాం." అది ఆమె గొంతు. "గ్యాస్ పొయ్యిలు కొత్తవి తర్వాత తీసుకుందాం, మూఢంలో ఎవడు కొంటాడు?" అది నాది. ప్రతి మాట దగ్గరా ఊపిరి ఆగిన గీత. మా ఇంటి ధీమా కొండ మీంచి రాయి దొర్లినట్టు కిందికి వచ్చింది. వచ్చింది ఎప్పుడు? ప్రధాని రాజీనామాకు రెండు రోజుల ముందు, మూఢం మొదలైన రోజున.

"ఇది భయం కాదు" అంది వసుమతి నెమ్మదిగా. "జనమంతా ఆగారు. అంతే. ఆగడానికీ భయపడడానికీ ఊపిరి ఒకేలా నిలుస్తుంది. నా యంత్రానికి తేడా తెలీదు."

చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. దేశంలోని పెద్ద బుర్రలన్నీ కొత్త ప్రధాని కళ్లజోడులో వెతుకుతున్న భయం, మా భోజనాల బల్ల దగ్గర కూర్చుని సోఫా కొనడం మానేసింది.

తర్వాత ఆమె ఇంకో మాట కూడా చెప్పింది. చెబుతున్నప్పుడు నా వైపు చూడలేదు. యంత్రానికి పండగలూ సెలవులూ నేర్పించేటప్పుడు దసరా, రంజాన్, క్రిస్మస్, అన్నీ నేర్పించారట. మూఢం దగ్గరకొచ్చేసరికి ఆమే వద్దనుకుందట. "వేరే దేశాల శాస్త్రవేత్తలు కూర్చుని ఉన్నారు. శుక్రుడు సూర్యుడి వెనక్కి వెళితే మా వాళ్లు ఇల్లు మారరని వాళ్లకు ఏ ముఖంతో చెప్పను? సిగ్గేసింది. పరీక్షల రోజుల్లో ఒకసారి ఇలాగే పడితే, ఏదో లోపమని తుడిచేశాను." సిగ్గుపడి యంత్రానికి చెప్పని సంగతిని, ఇంట్లో మాత్రం తు.చ. తప్పకుండా పాటించింది. నాకు నవ్వు రాబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయింది.

భానోజీ ముఖం మాత్రం వెలిగింది. "అయితే ఇంకేటొదినా! తప్పు దొరికింది కదా. సరిసేసెయ్. నా నార నాకొచ్చేద్ది" అన్నాడు. ఆ కాఫీ చల్లారిపోయినా గటగటా తాగేశాడు.

వసుమతి రెండు రోజులు ల్యాబులోనే ఉండిపోయింది. మూడో రోజు మధ్యాహ్నం నేను క్యారియరు పట్టుకుని వెళ్లాను. భానోజీ ఆగలేక నాతో వచ్చాడు. లోపల కామేశం గారు ఆమె ఎదురుగా కూర్చుని ఉన్నారు. మమ్మల్ని చూసి కూడా మాట ఆపలేదు. ఆయన అంత దాచుకునే స్థితిలో లేరు.

"ఢిల్లీ నుంచి పొద్దుటి నుంచి ఫోన్లు, వసుమతీ. సాయంత్రం యాభై అని ఒక్క అంకె వెయ్యి. మార్కెట్టు లేస్తుంది. అందరూ బతుకుతారు."

"నిజం యాభై కాదు సార్."

"మూఢం తీసేసి లెక్కకట్టావు కదా?"

"కట్టాను. రెండు నెలల కింద మూఢం తీసేస్తే యాభై ఎనిమిది. ఎవరికీ ఏ భయమూ లేదు. కొత్తాయన్ని జనం మామూలుగానే తీసుకున్నారు. కానీ ఇవాళ మూఢం తీసేసినా ముప్ఫై ఏడే వస్తోంది." ఆమె లెక్కల కాగితం ఆయన ముందుకు జరిపింది. "అప్పుడు లేని భయం ఇప్పుడు నిజంగా ఉంది సార్. మనం ఉందన్నాం కాబట్టి వచ్చింది. రైలు పనులు ఆగి ఇంటికొచ్చినవాళ్లు నిజంగానే భయపడుతున్నారు."

కామేశం గారు చెడ్డ మనిషి కారు. "అబద్ధంతో భయం పుట్టించాం. ఇంకో అబద్ధంతో ధైర్యం పుట్టిస్తే తప్పేమిటమ్మా? తగ్గిపోతుందని డాక్టరు రోగికి చెప్పడూ?" అన్నారు.

నిజం చెబుతున్నాను, ఆ మాట నాకు సబబుగానే తోచింది. ఇప్పటికీ కొన్నిసార్లు తోస్తుంది.

భానోజీ గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. వాడికి విషయం అర్థమైంది. ముప్ఫై ఏడంటే బ్యాంకు తలుపు తెరవదు. "వదినా" అన్నాడు. "వెయ్యొదినా. నా కోసం కాదు. మిల్లులో పన్జేసినోళ్లని నాను ఇంటికెల్లమని ఎలగ చెప్పను?"

వసుమతి వాడి వైపు చూసింది. పెళ్లయి మా ఇంటికొచ్చేనాటికి భానోజీ హైస్కూల్లో చదువుతుండేవాడు. వాడికి లెక్కలు నేర్పించింది ఆమే. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇవాళ నీ కోసం పదమూడు కలిపాననుకో భానోజీ. రేపు ఇంకో ప్రధాని వస్తాడు. ఇంకెవరి కోసమో కలపమంటాడు. ఇంకెవరినో దించడానికి తీసెయ్యమంటాడు. ఒకసారి నా చేత్తో అంకె వేశాక, వద్దనడానికి నాకు నోరెక్కడుంటుంది?"

"అయితే ముప్పై ఏడే యేస్తావా?"

"అదీ వెయ్యను. వేస్తే భయం ఇంకా పెరుగుతుంది."

రోజూ అంకె పంపేది వసుమతే. ఆ సాయంత్రం ఆరింటికి అంకె రాలేదు. అంకె ఉండాల్సిన చోట ఆమె పేరుతో నాలుగు మాటలొచ్చాయి. "రెండు నెలలుగా మేము భయమని చెప్పింది భయం కాదు, మూఢం. నేను కూడా కొత్త ఇంటికి మారకుండా ఆగినదాన్నే. ఆ సంగతి యంత్రానికి చెప్పకపోవడం నా తప్పు. ధీమా ఇకపై ఉండదు."

దేశం నవ్వింది. ఎందుకు నవ్వదు? శుక్రుడు షేర్లు అమ్ముతున్నట్టు బొమ్మలు వేశారు. ఒక తెలుగు ఇంట్లో సోఫా కొనకపోతే ఢిల్లీలో మంత్రి పదవి పోయిందని పాటలు కట్టారు. వసుమతి అన్నీ చదివింది. ఒకదానికి నవ్వింది కూడా. సంస్థలో ఆమెను మళ్లీ నత్తి పిల్లల గదికి పంపారు. అది ఆమెకు శిక్ష అని వాళ్లనుకున్నారు.

మార్కెట్టు మరునాడు గింగిరాలు తిరిగింది. చూసి నడవడానికి అంకె లేదు మరి. తర్వాత మెల్లగా, ఏ కంపెనీ ఏం తయారుచేస్తోంది, ఎవరికి ఆర్డర్లున్నాయి అని షేర్లవాళ్లు ఒకరినొకరు అడగడం మొదలుపెట్టారు. కొత్త ప్రధాని రైలు పనులు మళ్లీ మొదలుపెట్టించారు. తీసేసిన మంత్రిని మాత్రం వెనక్కి పిలవలేదు. పిలిస్తే తాను కంగారు పడ్డానని ఒప్పుకోవాలి కదా.

భానోజీ అంకె ఆగిన మరునాడే బ్యాంకుకు పరుగెత్తాడు. ధీమా లేదు, నలభై రూలూ లేదు, ఇక మేనేజరే నిర్ణయించాలి. ఆ మేనేజరు మిల్లును పదేళ్లుగా ఎరిగినవాడు. కళ్లజోడు తుడుచుకుని, "అంకె లేకుండా నేనెలా ఇచ్చేది భానోజీరావు గారూ? పైనుంచి కొత్త రూలు రానివ్వండి. తర్వాత చూద్దాం" అన్నాడట.

నార దాని దారిన అది పోయింది. బయటి రాష్ట్రం వ్యాపారులు లారీలకెత్తుకుపోయారు. కొత్త రూలు వచ్చేసరికి కొనడానికి పీచు కూడా మిగల్లేదు. మిల్లుకు తాళం పడింది. చాలా రోజులు భానోజీ మా ఫోను ఎత్తలేదు. నేను వెళ్లి చూస్తే, అన్నయ్య కదా, కూర్చోబెట్టి అన్నం పెట్టాడు. వదిన మాట ఎత్తలేదు.

మూఢం పోయింది. ముహూర్తాలు విరుచుకుపడ్డాయి. మా గుండిగలకు ఊపిరాడలేదు. ఆ సందట్లోనే ఒక ఉదయం మా గృహప్రవేశం. పాలు పొంగించేటప్పుడు వసుమతి గుమ్మం వైపే చూస్తోంది. భానోజీ వస్తాడని నేననుకోలేదు. వ్రతమైపోయి, విస్తళ్లు వేస్తుండగా వచ్చాడు, చేతిలో ఒక గోనె సంచితో. సంచి మీద మిల్లు పేరు ముద్ర ఉంది. లోపల బియ్యం.

"ఆకరి సంచొదినా" అన్నాడు. "కొత్తింట్లో బియ్యానికి పనికొచ్చుద్ది."

ఆమె రెండు చేతులతో అందుకుంది. వాణ్ణి కూర్చోబెట్టి తానే వడ్డించింది. వాడు పప్పన్నం కలుపుతూ, తల ఎత్తకుండా అడిగాడు.

"ఆ రోజు అంకె వేసుంటే నా మిల్లు నిలిచేదా వదినా?"

పక్క విస్తట్లో కూర వేస్తున్న నేను వసుమతి వైపు తిరిగాను. ఎలాగూ నిలిచేది కాదని ఒక్క మాటంటే ఏం పోయింది? వాడి మనసు తేలికపడుతుంది, ఈమె మనసూ తేలికపడుతుంది.

"నిలిచేది" అంది వసుమతి.

భానోజీ ముద్ద నోట్లో పెట్టుకుని నమిలాడు. "ఎలాగూ మునిగేదే అంటావనుకున్నాను" అన్నాడు. ఇంకో ముద్ద కలిపి, "అలగ అనుంటే లేచెల్లిపోదును" అన్నాడు.

ఆ తర్వాత ఇద్దరూ మామూలుగానే మాట్లాడుకున్నారు. పిల్లల చదువుల గురించి అడిగింది, చెప్పాడు. ఇప్పుడేం చేద్దామనుకుంటున్నావని అడిగింది.

"వచ్చే నారకి మిల్లు మళ్లీ తెరుస్తానొదినా" అన్నాడు భానోజీ.

కొత్త ఇంటి గోడకు పెట్టె లేదు. బిగించలేదు. కానీ వాడా మాట అంటున్నప్పుడు వసుమతి తల కొంచెం పక్కకు వంచి, కళ్లు సగం మూసి వింది. నత్తి పిల్లలు మాట్లాడుతుంటే ఆమె అలాగే వింటుంది. పక్కకు వచ్చాక నేను చెవిలో అడిగాను.

"ఆగిందా?"

"ఆగింది" అంది. "అయినా మాట చివరిదాకా చెప్పాడు."

పైట చెంగుతో కళ్లు తుడుచుకుని, వాడి విస్తట్లో పెరుగు వేయడానికి వెళ్లింది.